మూడో అద్దం

3 ఏప్రిల్ 1994, ఆదివారం

ఈస్టర్. చర్చికి పోలేదు. ఒంట్లో బాగాలేదని పాస్టరమ్మకు కబురు పంపాను. ఒళ్ళు ఉక్కులా ఉంది. పొద్దున్నుంచి నూనె డ్రమ్ము చుట్టూ తిరుగుతూ గాజు అరగదీస్తూనే ఉన్నాను.

యోహాను బతికుంటే ఈ పని ఆయనది. ప్రొద్దుటూరు కాలేజీలో ఫిజిక్సు చెప్పి, సాయంత్రం బస్సులో జమ్మలమడుగు వచ్చి, చొక్కా కూడా విప్పకుండా డ్రమ్ము దగ్గర నిలబడేవాడు. రెండేళ్ళ కిందట ఎవరి కోసమో వేసిన బాంబు ఆ బస్సులో ఆయన ఒళ్ళో పడింది. ఆసుపత్రి వాళ్ళు నాకిచ్చిన మూటలో ఒక చెప్పు ఉంది. అది కూడా ఆయనది కాదు.

ఆయన వదిలిపోయినవి రెండు దళసరి గాజు బిళ్ళలు, కాగితం మీద గీసిన ఒక బొమ్మ. కింది బిళ్ళను డ్రమ్ముకు బిగించి, తడి గరుకుపొడి చల్లి, పై బిళ్ళతో రుద్దుతూ పోతే పైదానికి గుంట పడుతుంది, కిందిది ఉబ్బుతుంది. మామూలు టెలిస్కోపుకు ఆ ఉబ్బింది అక్కర్లేదు, పైగా గొట్టం మధ్యలో చిన్న అద్దమొకటి అడ్డంగా వేలాడుతూ ఉంటుంది. యోహానుకు అది గిట్టేది కాదు. "సూడబోయేదానికి ఎదురుగా అడ్డం నిలబడేదేంది దీవెనా? పెద్దద్దాన్ని రవ్వంత వంచితే వెలుతురు పక్కకు పోతాది. చిన్నద్దం ఆ పక్కనే ఉంటాది. ఎవురికెవురూ అడ్డం గాదు" అనేవాడు. ఆ చిన్నద్దాన్ని ఉబ్బిన బిళ్ళలోంచే కోయాలట.

జూలైలో ఒక తోకచుక్క ముక్కలు ముక్కలై గురుగ్రహం మీద పడబోతోందని పేపర్లో వచ్చింది. ఆలోపు పూర్తి చేస్తాను. కొట్టుకోవడం ఒక్కసారైనా దూరం నుంచి చూడాలి.

బాంబు వేసినవాడి మొహం నాకు తెలియదు. అదీ ఒకందుకు మంచిదే. రోజుకొక మొహం తలుచుకొని రుద్దుతున్నాను.

12 ఏప్రిల్

తమ్ముడు శుభాకర్ చొక్కా మీద రక్తంతో వచ్చాడు. కోడి రక్తం అన్నాడు. కోడిలో ఎంత రక్తం ఉంటుందో సైన్సు టీచరుకు పాఠం చెప్తున్నాడు.

అమ్మ పోయినప్పుడు వీడు నా చంకలో ఉన్నాడు. నేను పెళ్ళి చేసుకున్నప్పుడు పెళ్ళికొడుకు కంటే ముందు కొత్తచొక్కా వీడికే కుట్టించాను. ఇప్పుడు ఏటిగట్టు మేడలో ఉండే పెద్దాయన జీపు వెనక నిలబడి తిరుగుతున్నాడు. పెద్దాయనది ఒక పార్టీ, ఏటవతలి నారాయణది ఒక పార్టీ. మొన్నటి ఎలక్షన్ల దాకా ఇద్దరూ ఒకే జెండా కింద ఉన్నారు. జెండా మారాక శవాలు పెరిగాయి, అంతే తేడా.

"బావను సంపింది నారాయణ మనుషులేనక్కా" అన్నాడు అన్నం కలుపుతూ.

"నువ్వు చూసినావా?"

"పెద్దాయన సెప్పినాడు."

"పెద్దాయన చూసినాడా?"

కంచం నెట్టేసి లేచాడు. చెంప మీద ఒక్కటి వేశాను. కదలకుండా నిలబడి, ఇంకో చెంప కూడా చూపించి, నవ్వి వెళ్ళిపోయాడు. వెధవ, సండే స్కూల్లో నేర్చుకున్నది అదొక్కటే గుర్తుంది.

30 ఏప్రిల్

ఏట్లో చప్పుడు. ఇసకలో బాంబులు వేసి చూసుకుంటున్నారు, తడిసినవా మంచివా అని. ఒక కుక్క ముక్క మా గోడ దాకా వచ్చి పడింది. పారతో తీసి పాతిపెట్టి, చేతులు కడుక్కొని మళ్ళీ డ్రమ్ము దగ్గరికి వచ్చాను.

పులివెందులలో జ్ఞానమ్మ పిన్ని ఉంది. అక్కడికి పోరా, ఏ షాపులోనైనా పని చేసుకోరా అని కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. "పోతాలే" అంటాడు. అనేది జీపు ఎక్కుతూ.

19 మే

గుంట అనుకున్నంత వచ్చింది. తారు మీద ఎర్రపొడితో మెరుగు పెట్టడం కూడా అయిపోయింది. ఉబ్బిన బిళ్ళలోంచి చిన్నద్దం కోయించడానికి ప్రొద్దుటూరు వెళ్ళాను. బస్సులో ఎవరి చేతిలో సంచి ఉన్నా దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఒక ముసలాయన సంచిలోంచి దోసకాయ తీస్తే కేక పెట్టాను.

23 మే

వెండిపూత పట్టింది! ల్యాబులోని వెండి మందుతో నేనే పోశాను. మిగిలిన నీళ్ళు వెంటనే పారబోస్తుంటే శుభాకర్ ఎందుకని అడిగాడు. నిలవ ఉంచితే పేలుతుందన్నాను. కళ్ళు మెరిశాయి వాడికి.

"ఎంత పేలుతాదక్కా?"

గిన్నెను నేలకేసి కొట్టాను. ఇంట్లో ఆడదాని గిన్నెలో కూడా వీళ్ళకు బాంబే కనిపిస్తుంది.

5 జూన్, ఆదివారం

మిద్దె మీద పెట్టాను. చెక్కపెట్టె పొడుగ్గా, ఒక పక్కకు ఉబ్బి వంకరగా ఉంది. చూస్తే ఎవరూ టెలిస్కోపు అనరు. మొదట ఏటవతలికి తిప్పాను. పాలుపోసే షాహీదాబీ పక్కనే ఉంది, వాళ్ళది ఆ ఊరే. ఏట్లో నీళ్ళుండవు కాబట్టి ఇసకలో నడిచి వస్తుంది. ఆమెకు ఏ జెండా అడ్డం రాలేదు, పాలు అందరికీ కావాలి.

కన్ను పెట్టి చూసి పకపకా నవ్వింది. "మా ఊరంతా తలకిందులాయనే టీచరమ్మా! మా ఆయన తలకాయతో నడుస్తాండాడు!"

రెండద్దాల్లో అంతేనని చెప్పాను. ఆకాశానికి తలా లేదు, కాళ్ళూ లేవు, ఫరవాలేదు.

తర్వాత వేలు పెట్టి చూపించింది. కొత్త నీళ్ళట్యాంకుకు అటొకటి ఇటొకటి రెండిళ్ళు, నాపరాళ్ళ ముందుగోడలతో అచ్చం ఒకేలా ఉన్నాయి. ఆమె మామ ఇద్దరు కొడుకులకూ ఒకే కొలతతో కట్టించాడట. "ఈణ్నించి సూస్తే ఎడం పక్కది మేముండేది. కుడి పక్కదాంట్లో మా బావ ఊర్లో ల్యాడుగదా, శెనక్కాయ మూటలేసినాం. ఆడ ఎలకలే కాపురం."

సాయంత్రం గురుగ్రహాన్ని చూశాను, చుట్టూ నాలుగు చందమామలు. యోహానూ, పని చేసింది. అడ్డం ఏమీ లేదు. ఏడ్చాను. ఏడిస్తే కన్ను మసకేసి మళ్ళీ కనిపించలేదు. నన్ను నేనే తిట్టుకున్నాను.

9 జూన్

నేను బడికి పోయినప్పుడు పెట్టెను ఎత్తుకుపోయారు. శుభాకరే మోశాడట.

10 జూన్

మేడకు వెళ్ళాను, నా పెట్టె నాకివ్వండి అని అడగడానికి. మిద్దె మీద పిట్టగోడకు రంధ్రం కొట్టి పెట్టెను అందులోకి దూర్చి పెట్టారు. పెద్దాయన మంచం మీద బనీనుతో కూర్చున్నాడు. భుజం నుంచి మోచేతి దాకా పాత కొడవలి గాటు.

"రామ్మా టీచరమ్మా. మీ ఆయన గొప్పోడు. నువ్వింకా గొప్పదానివి. నారాయణ రాత్రికొక ఇంట్లో పండుకుంటాండాడు. యా ఇంట్లో దూరేదీ దీంట్లో కనపడతాది. అయితే రెండు కష్టాలుండాయి. మనుషులు తలకిందులుగా కనపడితే ఎవుడెవుడో తెలీడంల్యా. ఇంగోటి, సూడాలంటే నా తలకాయ గోడకు నేరుగా రంధ్రం కాడ పెట్టాల. ఆ నా కొడుకుల దగ్గర తుపాకులుండాయి."

"ఇది చుక్కలు చూసేది. నాకిచ్చేయండి."

"ఇస్తా. నీ మొగున్ని సంపినోన్ని తీసేసినాక ఇస్తా. నీకోసరమే గదమ్మా." మాట మెత్తగానే ఉంది. నా వెనక శుభాకర్ చొక్కా పట్టుకొని ఒకడు నిలబడి ఉన్నాడు. సరదాగా పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. నాకు అర్థమైంది.

కన్ను పెట్టే చోట వాలుగా ఇంకో చిన్న అద్దం అమర్చితే, గోడ కింద కూర్చొని పైనుంచి లోపలికి చూడవచ్చు. అది చేసిస్తానన్నాను.

14 జూన్

మూడో అద్దం అమర్చాను. పెద్దాయన గోడ చాటున కూర్చొని చూసి తొడ చరుచుకున్నాడు. "ఇప్పుడు సరిగ్గుండాది! మనుషులు నిటారుగా నిలబడినారు!"

నిటారుగానే నిలబడ్డారు. నన్నూ చూడమన్నాడు. ట్యాంకు, ఇటొక ఇల్లు, అటొక ఇల్లు. కుడి పక్క ఇంటి వాకిట్లో షాహీదాబీ బర్రెకు నీళ్ళు పెడుతోంది.

షాహీదాబీ ఇల్లు ఎడం పక్కది.

తలకిందులు పోయింది కానీ కుడి ఎడమలు మారిపోయాయి. ఇల్లు చేరాక కాగితం మీద గీసి మళ్ళీ సరిచూసుకున్నాను. వాళ్ళకు తెలియదు. పెద్దాయన మనుషులెవరూ ఆ ఊళ్ళో కాలు పెట్టి ఎన్నో ఏళ్ళయింది. మనుషులు సరిగ్గా నిలబడ్డారు కాబట్టి అంతా సరిగ్గానే ఉందనుకుంటున్నారు.

రేపు చెప్పాలి.

15 జూన్

చెప్పలేదు. బళ్ళో పని ఎక్కువగా ఉంది.

27 జూన్

రాజుపాలెం దారిలో మన వైపు మనిషిని ముగ్గురు కలిసి నరికారు. చెయ్యి ఒక చోట, మనిషి ఒక చోట. 'మన వైపు' అని రాశాను. అది నా మాట కాదు, శుభాకర్ మాట నా చేతిలోకి వచ్చింది. కొట్టేయను, ఉండనీ.

10 జూలై, ఆదివారం

శుభాకర్ వచ్చి కోడికూర వండమన్నాడు. తిన్నాక చెప్పాడు.

"నారాయణ దొరికినాడక్కా. కొన్నాళ్ళుగా ఒకే ఇంట్లో పండుకుంటాండాడు. ట్యాంకు పక్కన కుడి చేతి ఇల్లు. నువ్వు సేసిన అద్దంలో పెద్దాయన కండ్లారా సూసినాడు. ఈ వారంలోనే. మొదటి బాంబు నాది. బావ కోసరం నేనే అడిగి తీసుకున్యా."

వాడి చేతులే చూస్తున్నాను. చిన్నప్పుడు గోళ్ళు కత్తిరించిన చేతులు.

అద్దంలో కుడి అంటే నిజానికి ఎడమ. నారాయణ పడుకునేది షాహీదాబీ వాళ్ళింట్లో. మొన్న పాలు పోస్తూ ఆమె "మా ఇంటికి సుట్టాలొచ్చినారు" అని గొణిగింది ఈ చుట్టాల గురించే. రావద్దని ఎవరు చెప్పగలరు వాళ్ళకు?

నిజం చెప్తే వీళ్ళు ఆ ఇంటి మీద వేస్తారు. షాహీదాబీ, ఆమె మొగుడు దస్తగిరి, అందరూ పోతారు. నా తమ్ముడు హంతకుడవుతాడు. షాహీదాబీ చెవిన వేస్తే అది నారాయణకు చేరుతుంది, ఏట్లోనే కాచుకుంటారు, శుభాకర్ తల ఇసకలో దొరుకుతుంది.

ఊరుకుంటే? శెనక్కాయ మూటల మీద పడుతుంది. ఎలకలు చస్తాయి. వాడు రక్తం అంటకుండా ఇంటికి వస్తాడు, అంతా అభాసు పాలవుతుంది, ఆ సిగ్గుతోనైనా పులివెందులకు పోతాడు.

ఖాళీ ఇల్లు. ఆమే చెప్పింది, ఎలకలే కాపురం అని.

11 జూలై

ఖాళీ ఇల్లు.

13 జూలై

షాహీదాబీ పాలు పోస్తూ నడుము పట్టుకొని మెట్టు మీద కూలబడింది.

"నడుం ఇరిగిపోతాంది టీచరమ్మా. రాత్రిళ్ళు పండుకోలేకుండా ఉండా."

"బర్రెలను తగ్గించుకోమంటే వింటావా? మీ ఆయనకు చెప్పు, పాలు పిండడం మగవాళ్ళు చేసినా పాలే వస్తాయని."

నవ్వింది. తలలో శెనక్కాయ పొట్టు చిక్కుకొని ఉంటే తీశాను. అమృతాంజనం డబ్బా ఇచ్చి పంపాను. ఆమె మొహం చూడలేకపోయాను, ఎందుకో. ఆమె ప్రాణం కాపాడుతున్నది నేనే కదా. ఆమెకు ఎప్పటికీ తెలియదు, అంతే.

16 జూలై, శనివారం

పాలు రాలేదు.

అదే రోజు, సాయంత్రం

రాస్తే గాని నిలబడలేను. తెల్లవారకముందు మూడు చప్పుళ్ళు వినిపించాయి. మంచం మీద కూర్చొని ఎలకలు, ఎలకలు అనుకున్నాను. పొద్దున పాల కోసం గిన్నె పట్టుకొని వాకిట్లో నిలబడ్డాను. ఎండెక్కే దాకా అలాగే నిలబడ్డాను. గాలి ఏటవతలి నుంచి వస్తోంది. వేగిన శెనక్కాయల వాసన. బడికి పోయే పిల్లలు ఆ వాసన బాగుందన్నారు.

దస్తగిరి పోయాడు. మొదటి బాంబుకే. ఆమె వాకిలి బయటికి వచ్చి ఉండడంతో బతికింది.

నాయకుడు ఒక ఇంట్లో పడుకోవాలంటే ఆ ఇంట్లోవాళ్ళు ఎక్కడ పడుకుంటారు? ఇంటిని, మంచాలను నారాయణకూ అతని మనుషులకూ వదిలేసి, వాళ్ళు పక్కింట్లో శెనక్కాయ మూటల మీద పడుకుంటారు. ఈ తాలూకాలో పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే అది. నాకు తట్టలేదు. నారాయణకు దుమ్ము కూడా అంటలేదు.

18 జూలై

శుభాకర్ పెట్టెను తెచ్చి మిద్దె మీద పడేశాడు. పెద్దాయన దాన్ని కాలితో తన్నాడట. నారాయణ ఆ రాత్రి ఇల్లు మార్చుకున్నాడు, మనలోనే ఎవడో ఉప్పందించాడు అంటున్నాడట. అద్దం మీద ఎవరికీ అనుమానం లేదు.

శుభాకర్ అన్నం తినలేదు. గోడ వైపు తిరిగి పడుకొని మాట్లాడాడు. "లోపల ఎవురో దగ్గినారక్కా. ముసిలి దగ్గు మాదిరి ఉన్నింది. నారాయణకు దగ్గు యాడిది అని తోచినాది నాకు. అయినా ఏసినా. చెయ్యి ఎత్తినాక ఆగలేదు."

20 జూలై

పొద్దుగుంకగానే గురుగ్రహం చూశాను. పెట్టె ఒక మూల పగిలింది, అద్దాలు బాగానే ఉన్నాయి. గ్రహం కింది అంచున నల్లటి మచ్చలు, కమిలిన చెంపలా ఉన్నాయి. ఒక్కో మచ్చా మన భూమంత ఉంటుందట. యోహాను ఉంటే ఊరంతా పిలిచి చూపించేవాడు. నాకు చూపించడానికి ఎవరూ లేరు. శుభాకర్‌ను పిలిచాను.

చూశాడు. "ఎవురు కొట్టినారు దాన్ని?" అన్నాడు, పిల్లవాడిలాగా.

అప్పుడు చెప్పాను. మూడో అద్దం కుడి ఎడమలను తారుమారు చేస్తుందని, అమర్చిన రోజు నుంచి నాకు తెలుసని.

నన్ను కొట్టాడు. పిడికిలితో. పడ్డాక కూడా కొట్టాడు. పన్ను ఊడింది. మూడో అద్దాన్ని పీకి కాలి కింద వేసి తొక్కాడు, మడమలో గాజు దిగింది, అయినా తొక్కుతూనే ఉన్నాడు. తర్వాత నా పక్కనే కూలబడ్డాడు.

"నువ్వు సెప్పింటే నారాయణ సచ్చేవాడు. నువ్వు సెప్పకపోతే దస్తగిరి సచ్చినాడు. ఎట్లైనా ఏసేది నేనే గదక్కా. నన్ను యాడ కాపాడినావు నువ్వు?"

మడమలోంచి గాజు తీశాను. నా నోటి రక్తం, వాడి కాలి రక్తం ఒకే గుడ్డతో తుడిచాను.

23 జూలై

పులివెందులకు తీసుకుపోయాను. జమ్మలమడుగులో అయితే స్టేషన్ చేరకముందే రెండు వైపులవాళ్ళూ వాణ్ణి నరుకుతారు. జ్ఞానమ్మ పిన్ని అన్నం పెట్టింది. వాడు రెండోసారి పెట్టించుకొని తిన్నాడు. అక్కడి కోర్టులో లొంగిపోయి, తన పేరు, పెద్దాయన పేరు చెప్పాడు. పోలీసులు జీపు ఎక్కిస్తుంటే వెనక్కి తిరిగి నన్ను చూశాడు. పులివెందులకు పోరా అని అన్నేళ్ళు బతిమాలాను, వచ్చాడు.

24 జూలై, ఆదివారం

చర్చి గంట కొడుతుంటే ఏట్లో దిగి అవతలికి నడిచాను. ఎవరూ ఆపలేదు. వాచిన మొహం చూసి దారి ఇచ్చారనుకుంటాను.

కుడి పక్క ఇంటికి కప్పు లేదు. ఎడం పక్క ఇంట్లో, తెర వెనక, షాహీదాబీ గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. మొగుడు పోయిన ఆడది గడువు తీరే దాకా గడప దాటకూడదు వాళ్ళలో. నన్ను చూసి చేతులు చాచింది. "నీకు అయిందే నాకూ ఆయనే టీచరమ్మా. ఎవురికో ఏసింది మనకు తగులుతాది."

ఆ చేతులు పట్టుకోకుండా దూరంగా కూర్చున్నాను. అంతా చెప్పాను. వేసింది మా శుభాకర్ అని. చూపించింది నా అద్దం అని. అది తప్పు ఇల్లు చూపిస్తోందని నాకు తెలుసని, తెలిసే ఊరుకున్నానని, ఆ ఇంట్లో ఎవరూ లేరనుకున్నానని.

బయట బర్రె అరుస్తోంది. తిడుతుందేమో, గొంతు పట్టుకుంటుందేమో అని ఎదురు చూశాను. పట్టుకుంటే బాగుండేది.

"నడుం నొప్పని నీకు సెప్తినే" అంది మెల్లగా. "నా తల్లో శెనక్కాయ పొట్టు తీసింది నువ్వే గదమ్మా."

అవును. నేనే తీశాను. తీసి, ఊది పారేశాను.